ఒకే బీరు, రెండు గదులు

ఇంగ్లండులో డెబ్బయ్యయిదు దాటిన పెద్దాయన్ని ఎవరినైనా కదిపి చూడండి. మొదటి జీతం ఎంతో మరిచిపోయి ఉండొచ్చు గానీ, పబ్బులో తాగిన మొదటి పైంటు ధర మాత్రం ఠక్కున చెప్తాడు. 1960ల నడుమ అది రెండు షిల్లింగులకు కాస్త అటూ ఇటూ. మైల్డ్ అని పిలిచే ముదురు రంగు, తేలికపాటి బీరైతే మరికొన్ని పెన్నీలు తక్కువ. పైంటంటే 568 మిల్లీలీటర్లు, అంటే మన దగ్గర దొరికే పెద్ద సీసాకు ఓ గుక్కెడు తక్కువ.

అప్పటి లెక్కలు వేరు. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు. అణాలూ కానులూ లెక్కపెట్టిన మన తాతలకు ఈ గజిబిజి కొత్త కాదు. కానీ మన దేశం 1957 ఏప్రిల్ 1న నయా పైసలకు మారిపోయింది. ఆ తర్వాత ఇంగ్లండులో ఓడ దిగిన మనవాళ్లు అక్కడ మళ్లీ పన్నెండో ఎక్కం అందుకోవలసి వచ్చింది. దొరలు పౌండుకు వంద పెన్నీల లెక్కకు వచ్చింది 1971 ఫిబ్రవరి 15న. ఈ ఒక్క విషయంలో మనమే పద్నాలుగేళ్లు ముందు.

ధర గుర్తున్నవాళ్లకు సమయాలూ గుర్తుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుళ్లు తయారుచేసే కార్మికులు తాగి పనికి రావడం లేదని 1915లో ప్రభుత్వం పబ్బుల వేళలు కుదించింది. మధ్యాహ్నం మూసేయాలి, మళ్లీ సాయంత్రమే తెరవాలి. లండను లాంటి చోట్ల ఒకరికొకరు మందు ఇప్పించుకోవడం కూడా నేరమే. యుద్ధం 1918లో ముగిసింది. మధ్యాహ్నం మూత మాత్రం 1988 దాకా నడిచింది. తాత్కాలికం అని చెప్పి తెచ్చిన ఉత్తర్వుల ఆయుష్షు ఏ దేశంలోనైనా అంతే.

ఇక పబ్బు లోపలికి వెళ్దాం. పేరుకు ఒకే కొట్టయినా లోపల కనీసం రెండు గదులుండేవి. ఒకటి పబ్లిక్ బార్: ఉత్త గచ్చు, చెక్క బల్లలు, బాణాలాట, పని బట్టలతో వచ్చిన కూలీలు. రెండోది లౌంజ్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల వాళ్ల మాటలో స్మోక్ రూమ్: నేల మీద తివాచీ, మెత్తటి కుర్చీలు, భార్యతో వచ్చే షోకు మనుషులు. పీపా ఒకటే, బీరు ఒకటే. స్మోక్ రూములో తాగితే పైంటుకు ఒకట్రెండు పెన్నీలు ఎక్కువ. ఆ పెన్నీలు కూర్చునే చోటి ఖరీదన్నమాట. మన సినిమా హాళ్లలో నేల టికెట్టు, బాల్కనీ టికెట్టు ఉన్నట్టే. తేడా ఏమిటంటే, డబ్బు చేతిలో పెట్టుకు నిలబడినా అందరికీ బాల్కనీ టికెట్టు ఇచ్చేవారు కాదు.

బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని స్మెథిక్ అనే పట్టణం ఉంది. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీలకు పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తెల్లవాళ్లు వద్దనుకున్న కొలిమి పనులకు పంజాబు నుంచి వేలమంది వచ్చారు. ఎనిమిది గంటలు కొలిమి ముందు నిలబడితే ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోతాయి. షిఫ్టు దిగగానే ఒకటికి రెండు పైంట్ల మైల్డ్ దించడం ఆ ప్రాంతంలో తెల్ల కార్మికుల పాత అలవాటే, మనవాళ్లకూ అదే అబ్బింది. పైగా మిచెల్స్ అండ్ బట్లర్స్ వారి పెద్ద బ్రూవరీ ఆ ఊళ్లోనే, కేప్ హిల్‌లో ఉండేది. బీరుకు కొరత లేదు. కొరత కుర్చీకి.

అవతార్ సింగ్ జోహల్ 1958లో చదువుకుందామని ఇంగ్లండు వచ్చి, ఫౌండ్రీ పనిలో చేరి, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడయ్యారు. తన మొదటి పబ్బు అనుభవాన్ని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు. కొత్తగా వచ్చిన రోజుల్లోనే సొంతవాళ్లు పబ్బుకు తీసుకెళ్లి, స్మోక్ రూము మనకు కాదని చెప్పారట. కొన్ని పబ్బులు ఆ ఒక్క గదే మూసేవి, కొన్ని గడపే తొక్కనిచ్చేవి కావు. మన ఊళ్ల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడ గ్లాసుకు బదులు గది, అంతే.

జోహల్ బృందం ఎంచుకున్న పోరాట పద్ధతి నాకు భలే నచ్చుతుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని తెల్ల విద్యార్థులు ముందు లోపలికి వెళ్లి స్మోక్ రూములో కూర్చుంటారు, అడిగింది వస్తుంది. కాసేపటికి భారతీయులు వెళ్తారు, లేదు పొమ్మంటారు. ఇప్పుడు సాక్షులున్నారు! అదే పట్టుకుని లైసెన్సు రెన్యూవల్ వేళకు మేజిస్ట్రేట్ల ముందు అభ్యంతరం పెట్టేవారు. పైంటు పైంటుకూ సాక్ష్యం పోగుచేసిన ఉద్యమం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

1964 ఎన్నికల్లో స్మెథిక్ పేరు దేశమంతా మోగిపోయింది. జాతి విద్వేషం రెచ్చగొట్టిన ప్రచారంతో కన్సర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్, లేబర్ దిగ్గజం ప్యాట్రిక్ గోర్డన్ వాకర్‌ను ఓడించాడు. మార్షల్ స్ట్రీట్‌లో అమ్మకానికి వచ్చిన ఇళ్లను కౌన్సిలే కొని తెల్లవాళ్లకు మాత్రమే ఇవ్వాలని పథకం వేసింది. అది కళ్లారా చూడటానికి 1965 ఫిబ్రవరి 12న అమెరికా నుంచి ఒక అతిథి వచ్చాడు. నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్! జోహల్ ఆయన్ను హై స్ట్రీట్‌లోని బ్లూ గేట్స్ పబ్బుకు తీసుకెళ్లారు. స్మోక్ రూములో ఇవ్వమన్నారు, పబ్లిక్ బార్‌కు వెళ్లమన్నారు. మాల్కం ఎక్స్ ముస్లిం, మద్యం ముట్టడు. తాగనివాడికి తాగే హక్కు ఎందుకూ అనుకుంటే, అసలు గొడవ బీరు గురించి కాదని తెలిసిపోతుంది. ఆ తర్వాత తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన్ను కాల్చి చంపారు.

అదే ఏడాది చివర్లో బ్రిటన్ తన మొదటి జాతి సంబంధాల చట్టం తెచ్చింది. పబ్బులు, హోటళ్ల వంటి బహిరంగ స్థలాల్లో వర్ణ వివక్ష చెల్లదంది. ఇళ్లూ ఉద్యోగాలూ మాత్రం అందులో లేవు, వాటికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. సభ్యులకే పరిమితమైన కార్మికుల క్లబ్బులు చట్టం కళ్లు కప్పి 1976 దాకా లాగించాయి. ఆడవాళ్లదీ ఇలాంటి కథే. లండను ఫ్లీట్ స్ట్రీట్‌లో విలేకరులు చేరే ఎల్ వీనో అనే వైన్ బార్‌లో, కౌంటరు దగ్గర నిలబడి మందు తీసుకునే హక్కు వాళ్లకు 1982లో కోర్టు చెబితే గానీ దక్కలేదు.

ధర మాటకొస్తే, 1971లో కొత్త నాణేలొచ్చేసరికి రెండు షిల్లింగులు పది కొత్త పెన్నీలయ్యాయి. ఇప్పుడు పైంటు సగటున అయిదు పౌండ్లకు అటూ ఇటూ. మిగతా సరుకుల ధరలు పెరిగిన లెక్కన చూసినా దాదాపు రెట్టింపు. ఎక్సైజు సుంకం పెరిగింది, 1973లో వచ్చిన వ్యాట్ ఇప్పుడు 20 శాతం, అద్దెలూ జీతాలూ సరేసరి. సూపర్‌మార్కెట్లో చవగ్గా కొని ఇంట్లో టీవీ ముందు తాగేవాళ్లు పెరిగారు, పబ్బులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కేప్ హిల్ బ్రూవరీ కూడా 2002లో ఆగిపోయింది.

అలా మూతపడబోయిన పబ్బులు కొన్నింటిని నిలబెట్టింది ఎవరో తెలుసా? పంజాబీలే. స్మోక్ రూములోకి రానివ్వని చోటే ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర వాళ్ల పిల్లలు కూర్చున్నారు. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల వీటిని దేశీ పబ్బులంటారు. పైంటుతో పాటు పెనం మీద చిటపటలాడే మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంది. తినడానికి తెల్లవాళ్లూ బారులు తీరుతారు. జోహల్ ఇదంతా చూశాకే 2022లో కన్నుమూశారు.

బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇప్పుడు ఎంతోమంది. పైంటు ధరను రూపాయల్లోకి మార్చుకుని గుండె బాదుకునే ముందు ఒకసారి స్మెథిక్ వెళ్లండి. మార్షల్ స్ట్రీట్‌లో మాల్కం ఎక్స్ వచ్చిన చోట నీలి ఫలకం పెట్టారు. చూసి రండి.