విమానాశ్రయంలో మిమ్మల్నే ఎందుకు పక్కకు పిలుస్తారు? ‘ప్రొఫైలింగ్’పై వాదనలు ఏంటి?

అమెరికా వెళ్లే ప్రయాణికుల్లో కొందరి బోర్డింగ్ పాస్ మీద ‘ఎస్ఎస్ఎస్ఎస్’ అనే అక్షరాలు ఉంటాయి. అవి కనిపిస్తే అదనపు తనిఖీ ఉంటుందని అర్థం. బ్యాగులో సామానంతా బయటకు తీయిస్తారు. ఒళ్లంతా తడిమి చూస్తారు. పేలుడు పదార్థాల జాడ ఉందేమోనని చేతులను, ఫోన్‌ను చిన్న గుడ్డతో తుడిచి మిషన్‌లో పెట్టి పరీక్షిస్తారు. వరుసలో మీ ముందు, వెనక ఉన్నవాళ్లు మాత్రం మామూలుగా వెళ్లిపోతుంటారు.

‘ఇంతమందిలో నన్నే ఎందుకు ఆపారు?’ అని అప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.

కంప్యూటర్ లాటరీ పద్ధతిలో మిమ్మల్ని ఎంపిక చేసి ఉండొచ్చు. నిఘా జాబితాలోని ఎవరి పేరుతోనో మీ పేరు కలిసి ఉండొచ్చు. మీరు టికెట్ కొన్న తీరు కారణం కావచ్చు. లేదా మీ రూపం, మతం, పాస్‌పోర్టు చూసి ఆపి ఉండొచ్చు.

ఈ చివరి కారణం న్యాయమేనా? పోనీ, దానివల్ల భద్రతైనా పెరుగుతోందా? కొన్ని దశాబ్దాలుగా ఈ రెండు ప్రశ్నల మీద ప్రభుత్వాలు, కోర్టులు, శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. చదువుకో, ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో, గల్ఫ్‌లో పనికో వెళ్లే తెలుగువారికి ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది.

ప్రొఫైలింగ్ అంటే ఏంటి?

అందరినీ ఒకేలా తనిఖీ చేయకుండా, కొన్ని లక్షణాల ఆధారంగా కొందరిని ఎంచుకుని ఎక్కువగా తనిఖీ చేయడమే ప్రొఫైలింగ్. ఇందులో ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మొదటిది గుర్తింపును బట్టి చేసేది. జాతి, మతం, రంగు, పుట్టిన దేశం చూసి అనుమానించడం.

రెండోది ప్రవర్తనను బట్టి చేసేది. కంగారు పడటం, చెమటలు పట్టడం, కళ్లు తిప్పుకోవడం వంటివి గమనించడం.

మూడోది ప్రయాణ వివరాలను బట్టి చేసేది. టికెట్ ఎప్పుడు కొన్నారు, డబ్బు ఎలా కట్టారు, ఏ దారిలో వస్తున్నారు, ఎన్నిసార్లు వెళ్లొచ్చారు అని చూడటం.

శంషాబాద్‌లో గల్ఫ్ నుంచి వచ్చిన ప్రయాణికుల దగ్గర బంగారం పట్టుబడినప్పుడు వార్తల్లో ‘ప్రొఫైలింగ్ ఆధారంగా’ అనే మాట మీరు చదివే ఉంటారు. కస్టమ్స్ అధికారులు ఎక్కువగా వాడేది ఈ మూడో రకమే.

అయితే కాగితం మీద వేరుగా కనిపించే ఈ మూడూ ఆచరణలో కలిసిపోతుంటాయి. అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సమర్థించేవారు ఏమంటారు?

సిబ్బంది తక్కువ, సమయం తక్కువ, ప్రయాణికులు లక్షల్లో ఉంటారు. మనవడిని చూడ్డానికి వెళ్లే 75 ఏళ్ల పెద్దావిడ మీద, ప్రమాదకారి కావడానికి ఎక్కువ అవకాశమున్న వ్యక్తి మీద ఒకే సమయం వెచ్చించడం వృథా అన్నది వీరి ప్రధాన వాదన.

వీరు తరచూ ఇజ్రాయెల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఇజ్రాయెల్ విమాన సంస్థ ‘ఎల్ అల్’ భద్రతా సిబ్బంది ఒక గర్భిణిని ప్రశ్నించారు. ఆమె సమాధానాలు విన్నాక అనుమానం వచ్చి బ్యాగు విప్పి చూస్తే అడుగున పేలుడు పదార్థం దొరికింది. పెళ్లి చేసుకుంటానన్న వ్యక్తి ఆమెకు తెలియకుండా దాన్ని అందులో పెట్టి పంపాడు. సామాన్లను మాత్రమే చూడకుండా మనిషితో మాట్లాడటం వల్లే వందల ప్రాణాలు దక్కాయని సమర్థకులు చెబుతారు.

వ్యతిరేకించేవారి వాదన ఏంటి?

వాళ్లు కూడా ఇదే ఘటనను చూపిస్తారు. ఆ మహిళ ఐర్లాండ్ దేశస్థురాలు. జాతిని బట్టి, దేశాన్ని బట్టి వడపోసి ఉంటే ఆమె మీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆమెను పట్టించింది ప్రశ్నలు, బ్యాగు తనిఖీ. ఆమె రూపం కాదు.

అంతకు 14 ఏళ్ల ముందు దీనికి విరుద్ధంగా జరిగింది. 1972 మే 30న టెల్ అవీవ్ దగ్గరి లోద్ విమానాశ్రయంలో కాల్పులు జరిపి 26 మందిని చంపిన ముగ్గురూ జపాన్ పౌరులు. అక్కడి భద్రతా సిబ్బంది అప్పట్లో జపాన్ వారి నుంచి ముప్పును ఊహించలేదు.

2001 డిసెంబర్‌లో బూట్లలో బాంబు పెట్టుకుని అమెరికా విమానం ఎక్కిన రిచర్డ్ రీడ్ బ్రిటిష్ పౌరుడు. 2009 డిసెంబర్ 25న లోదుస్తుల్లో బాంబుతో డెట్రాయిట్ విమానం ఎక్కిన ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ నైజీరియా యువకుడు. అతని గురించి సొంత తండ్రే అమెరికా రాయబార కార్యాలయానికి ముందుగా చెప్పారు. అయినా అతని పేరు విమానం ఎక్కనివ్వకూడని వారి జాబితాలోకి చేరలేదు. అంటే అక్కడ పక్కా సమాచారం చేతిలో ఉన్నా వాడుకోలేదు.

ఆ ఘటన తర్వాత 2010 జనవరిలో అమెరికా 14 దేశాల ప్రయాణికులందరికీ అదనపు తనిఖీ తప్పనిసరి చేసింది. మూడు నెలలకే, ఏప్రిల్‌లో దాన్ని పక్కనపెట్టి, నిఘా సమాచారంలో ఉన్న ఆనవాళ్లను బట్టి ఎంపిక చేసే పద్ధతికి మారింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఊహించి ఒక లెక్క వేద్దాం. 10 లక్షల మంది ప్రయాణికుల్లో 10 మంది ప్రమాదకారులు ఉన్నారనుకోండి. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే పద్ధతి ఒకటి మన దగ్గర ఉందనుకోండి. అది ఆ పదిమందినీ పట్టుకోవచ్చు. కానీ వారితో పాటు మరో 10 వేల మంది అమాయకులను కూడా ఆపుతుంది. అంటే ఆపిన ప్రతి వెయ్యి మందిలో నిజమైన దోషి ఒక్కరే. వెతుకుతున్నవాళ్లు చాలా అరుదు కాబట్టి ఎంత మంచి పద్ధతికైనా ఈ ఇబ్బంది తప్పదు.

శాస్త్రవేత్త విలియం ప్రెస్ 2009లో ఇదే విషయం మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఎవరి మీద ఎంత అనుమానం ఉంటే అంత ఎక్కువగా తనిఖీ చేస్తూ పోతే, ఫలితం లాటరీ తీసి ఆపడం కంటే మెరుగ్గా ఉండదని ఆయన గణితంతో చూపించారు. ‘అనుమానితుల’ కోవలోకి వచ్చే అవే అమాయకుల్ని మళ్లీ మళ్లీ తనిఖీ చేయడంతోనే సమయం అయిపోవడం దీనికి కారణం. అనుమానానికి కొంత ప్రాధాన్యం ఇస్తే లాభమే కానీ, అది మోతాదు మించకూడదన్నది ఆయన చెప్పిన విషయం.

2002లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు మరో లోపాన్ని ఎత్తిచూపారు. ఉగ్రవాద ముఠా తన మనుషుల్ని ముందుగా ఖాళీ చేతులతో నాలుగైదుసార్లు ప్రయాణం చేయిస్తే, ఎవరిని ఆపుతున్నారో ఎవరిని ఆపట్లేదో తెలిసిపోతుంది. తర్వాత అసలు పనికి ఆపని వాళ్లనే పంపుతుంది. లాటరీ పద్ధతిలో అయితే ఇలా ముందుగా తెలుసుకోవడం కుదరదు.

ఎంపిక సరిగ్గానే చేసినా దాడి ఎందుకు ఆగలేదు?

2001 సెప్టెంబర్ 11 దాడుల నాటికే అమెరికాలో ప్రయాణికులను వడపోసే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. ఆ రోజు 19 మంది హైజాకర్లలో సగానికి పైగా అదనపు తనిఖీకి ఎంపికయ్యారని దర్యాప్తు కమిషన్ తేల్చింది. కానీ అప్పటి నిబంధనల ప్రకారం ఎంపికైన వారి లగేజీని మాత్రమే ప్రత్యేకంగా చూసేవారు. మనిషిని ఆపి ప్రశ్నించే ఏర్పాటు లేదు.

ఎవరిని ఎంపిక చేశారన్న దానితో పాటు, ఎంపిక చేశాక ఏం చేశారన్నదీ ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ముఖం చూసి మనసు చదవొచ్చా?

జాతి, మతం వద్దు, ప్రవర్తన చూద్దామని అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ 2007లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రత్యేక శిక్షణ పొందిన అధికారులు క్యూలో నిలబడ్డ వారిలో ఒత్తిడి, భయం, మోసం ఆనవాళ్లను వెతికేవారు.

దాని మీద సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2013 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం జీఏఓ నివేదిక ఇచ్చింది. 400కి పైగా అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధనల ప్రకారం, హావభావాలు చూసి అబద్ధాన్ని పసిగట్టడం బొమ్మా బొరుసా వేసి చెప్పడంతో సమానమని, లేదంటే దానికంటే కాస్త మెరుగని తేల్చింది. ఆ కార్యక్రమానికి నిధులు తగ్గించాలని సూచించింది.

మొదటిసారి విమానం ఎక్కుతూ, భాష రాక, ఏ క్యూలో నిలబడాలో తెలియక కంగారు పడే అమ్మానాన్నలను గుర్తుచేసుకోండి. వాళ్ల ముఖంలోని కంగారుకు వేరే అర్థం తీస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

కోర్టులు ఏమన్నాయి?

బ్రిటన్: 2001లో ప్రాగ్ విమానాశ్రయంలో బ్రిటిష్ ఇమిగ్రేషన్ అధికారులు రోమా జాతి ప్రయాణికులను మిగతావారి కంటే ఎక్కువ అనుమానంతో ప్రశ్నించారు. ఇది చట్టవిరుద్ధమైన వివక్ష అని 2004లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది.

నెదర్లాండ్స్: ఐండ్‌హోవెన్ విమానాశ్రయంలో తన రంగు చూసే ఆపారని ఒక నగర కౌన్సిలర్, కొన్ని హక్కుల సంఘాలు కేసు వేశాయి. సరిహద్దు పోలీసులు ఎవరిని ఆపాలో నిర్ణయించేందుకు జాతిని వాడకూడదని 2023 ఫిబ్రవరిలో హేగ్ అప్పీలు కోర్టు చెప్పింది.

అమెరికా: మెక్సికన్‌లా కనిపిస్తున్నారన్న ఒక్క కారణంతో సరిహద్దు గస్తీ పోలీసులు వాహనాన్ని ఆపకూడదని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇతర కారణాలతో పాటు దాన్నీ పరిగణించవచ్చని అదే తీర్పులో ఉంది. 2014లో న్యాయశాఖ ప్రొఫైలింగ్‌పై ఆంక్షలు పెంచుతూ మార్గదర్శకాలు ఇచ్చినా, సరిహద్దు ప్రాంతాలకు, ప్రయాణికుల తనిఖీకి అవి వర్తించవని మినహాయింపు ఇచ్చింది.

భారత్‌లో పరిస్థితి ఏంటి?

1999 డిసెంబర్‌లో ఐసీ-814 విమానం హైజాక్ తర్వాత విమానాశ్రయాల భద్రతను సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ మొదటిది. మన దగ్గర ఒకరిని కాదు, దాదాపు ప్రతి ప్రయాణికుడినీ మెటల్ డిటెక్టర్‌తో, చేత్తో తనిఖీ చేస్తారు. ఆలస్యమవుతుంది కానీ, ‘నన్నే ఎందుకు’ అనే ప్రశ్న ఇక్కడ తక్కువ.

అలాగని అందరూ సమానమేనని కాదు. తనిఖీ అవసరం లేని ప్రముఖుల జాబితా ఒకటి ఉంది. అందులో మాజీ రాష్ట్రపతులు ఉన్నారు. 2009 ఏప్రిల్‌లో దిల్లీలో ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది అబ్దుల్ కలామ్‌ను తనిఖీ చేయడం అందుకే వివాదమైంది. ఆ సంస్థ తర్వాత క్షమాపణ చెప్పింది. కలామ్ మాత్రం అప్పుడు అభ్యంతరం చెప్పకుండా తనిఖీకి సహకరించారు.

ఇక ప్రయాణ వివరాల విషయానికొస్తే, అంతర్జాతీయ విమాన ప్రయాణికుల టికెట్ సమాచారాన్ని విమానం బయల్దేరడానికి 24 గంటల ముందే కస్టమ్స్‌కు ఇవ్వాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. జాతి, మతం, రాజకీయ అభిప్రాయాలు వెల్లడయ్యేలా ఆ సమాచారాన్ని విశ్లేషించకూడదని కూడా వాటిలో ఉంది.

గల్ఫ్‌కు వెళ్లేవారికి మరో వడపోత ఉంది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కేటగిరీలోకి వస్తుంది. అలాంటివారు గల్ఫ్ సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏజెంట్ల మోసాల నుంచి కార్మికులను కాపాడటం దీని ఉద్దేశం. కానీ చదువును బట్టి కొందరిని వేరుగా చూసే పద్ధతే ఇది కూడా.

మిమ్మల్ని ఆపితే ఏం చేయాలి?

పేరు సరిచూసుకోండి. అమెరికా విమానాలకు ప్రయాణికుల పేరు, పుట్టిన తేదీ, లింగం వివరాలను నిఘా జాబితాతో పోల్చి చూస్తారు. మన ఇంటిపేర్లు, ఇనీషియల్స్ వల్ల ఇక్కడే తేడాలు వస్తాయి. పాస్‌పోర్టులో ఉన్న పేరే టికెట్ మీదా ఉండాలి. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మొదటి పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. వీలైతే ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

ఒంటరి గదిలో తనిఖీ చేయమని అడగవచ్చు. అమెరికాలో ఒళ్లు తడిమే తనిఖీని మీలాంటి లింగం వారే చేయాలి. వెంట వచ్చినవారిని తోడుగా ఉంచుకోవచ్చు. తలపాగా, హిజాబ్ ఉన్నవారూ ఇలా అడగవచ్చు. భారత్‌లో మహిళలను తెరల చాటున మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు.

కాగితాలు చేతి సంచిలో పెట్టుకోండి. వెళ్లే చిరునామా, తిరుగు టికెట్, విద్యార్థులైతే ఐ-20, యూనివర్సిటీ ఉత్తరం దగ్గర ఉండాలి. పెద్దవాళ్లకు పిల్లల ఫోన్ నంబర్, చిరునామా కాగితం మీద రాసివ్వండి. ఫోన్ చూపించమని ఇమిగ్రేషన్ అధికారులు అడగవచ్చు. అమెరికా పౌరులు కానివారు నిరాకరిస్తే దేశంలోకి రానివ్వకపోయే అవకాశం ఉంది.

ప్రతిసారీ మిమ్మల్నే ఆపుతుంటే ఫిర్యాదు చేయండి. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగంలో ‘ట్రిప్’ అనే ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. రుసుము లేదు. పరిశీలించాక ఒక రీడ్రెస్ నంబర్ ఇస్తారు. టికెట్ బుక్ చేసేటప్పుడు దాన్ని వేస్తే, పేరు కలవడం వల్ల వచ్చే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. భారత్‌లో అయితే ‘ఎయిర్‌సేవ’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

తరచూ ప్రయాణించేవారు ముందే తమ వివరాలిచ్చి, పరిశీలన పూర్తిచేసుకోవచ్చు. అమెరికా ‘గ్లోబల్ ఎంట్రీ’లో భారతీయులకు 2017 నుంచి అవకాశం ఉంది. మన దేశంలో ఇలాంటి ఫాస్ట్‌ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం 2024లో దిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్‌కూ వచ్చింది.

ఇది కూడా ఒక రకం ప్రొఫైలింగే. తేడా ఏంటంటే, ఇందులో మీ గురించి అధికారులకు ఏం తెలుసో మీకు తెలుసు. తప్పుంటే సరిచేయమని అడిగే దారి ఉంది. పేరు, రంగు, మతం చూసి ఆపినప్పుడు ఆ దారి ఉండదు. ఎందుకంటే అవి సరిచేసుకోవాల్సిన తప్పులు కావు.