దూరాన ఉన్న ఫైళ్ల పోలిక: డిఫ్ నుంచి ఆర్‌సింక్ దాకా

రెండు ఫైళ్లు ఒకటేనా, తేడా ఉంటే అది ఏ వరుసలో ఉంది అన్న ప్రశ్నకు కమాండ్ లైన్ మీద, అంటే ఆదేశాన్ని టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే పద్ధతిలో, తొలి సమాధానాలు కొన్ని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కనిపిస్తాయి. 1971 నాటి తొలి సంచికలోనే ఉన్న సీఎంపీ ఆదేశం రెండు ఫైళ్లనూ మొదటి నుంచి వరుసగా పోల్చి అవి ఎక్కడ విడిపోయాయో చెప్పేది. అయితే మధ్యలో ఒక్క అక్షరం కొత్తగా చేరినా ఆ తర్వాతి భాగమంతా దాని దృష్టిలో తేడాగానే మిగిలేది. డగ్లస్ మెకిల్‌రాయ్ రూపొందించి 1974లో ఐదవ సంచికతో విడుదలైన డిఫ్ ఈ కొరతను తీర్చింది. రెండు ఫైళ్లలోనూ ఒకే క్రమంలో వచ్చే వరుసల్లో వీలైనంత పొడవైన కూర్పును గుర్తించి, అందులో ఇమడని వరుసలను మాత్రమే అది మార్పులుగా చూపింది. జేమ్స్ హంట్, మెకిల్‌రాయ్ 1976లో వెలువరించిన నివేదికను బట్టి, పోలిక వేగంగా సాగడానికి ప్రతి వరుసనూ హాష్‌గా, అంటే దాని నుంచి లెక్కగట్టిన చిన్న సంఖ్యగా మార్చి ముందు ఆ సంఖ్యలనే సరిచూసేవారు. అసలు పాఠానికి బదులు దాని గుర్తును పోల్చే ఈ ఉపాయమే ఇరవై ఏళ్ల తర్వాత దూరపు ఫైళ్ల పోలికకూ ఆధారమైంది.

డిఫ్ పనిచేయాలంటే రెండు ఫైళ్ల పాఠమూ ఒకే యంత్రానికి అందాలి. 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపంలోని ఆర్‌సీపీ, ఆర్‌ఎస్‌హెచ్ ఆదేశాలు అవతలి కంప్యూటర్ నుంచి ఫైలును తెచ్చుకోవడానికీ, అక్కడే ఒక ఆదేశాన్ని నడపడానికీ వీలు కల్పించాయి గాని, అదంతా ఏ రక్షణా లేకుండా నెట్‌వర్క్ మీద సాగేది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగిన తర్వాత తాతూ యులోనెన్ రూపొందించిన ఎస్‌ఎస్‌హెచ్ ఈ రాకపోకలను సంకేతలిపిలోకి మార్చింది. ఒక ఆదేశం ఇచ్చే ఫలితాన్ని మరొక ఆదేశానికి ఫైలులా అందించే సదుపాయం బాష్ వంటి షెల్‌లలో, అంటే టైపు చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రాములలో, ఉన్నందున, రెండు వేర్వేరు సర్వర్లలోని ఫైళ్లను ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చదివించి, తాత్కాలిక ప్రతులేవీ దాచకుండానే డిఫ్‌కు ఇవ్వడం సాధ్యమైంది. కొన్ని వందల వరుసల ఫైళ్లకు నేటికీ ఇంతకన్నా సులువైన మార్గం కనబడదు; గిగాబైట్ల డేటాకు మాత్రం ఇది పనికిరాదు.

అంత పెద్ద ఫైలు ఉన్నచోటనే దాని హాష్‌ను లెక్కగట్టి, దానిని మాత్రమే తెప్పించుకోవచ్చు. రోనాల్డ్ రివెస్ట్ 1992లో ప్రచురించిన ఎండీ5 ఎంత పెద్ద ఫైలునైనా 128 బిట్ల సంఖ్యగా కుదిస్తుంది. వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 విలువ వచ్చేలా చేయవచ్చునని 2004లో రుజువైంది కనుక, ఉద్దేశపూర్వకమైన మార్పులను పట్టుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 వంటివి వాడుకలోకి వచ్చాయి. అయితే ఇవన్నీ తేడా ఉందని చెబుతాయే తప్ప, ఎక్కడ ఉందో చెప్పవు.

ఈ చరిత్రలో అసలైన మలుపు 1996లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రూపొందించిన ఆర్‌సింక్. పాత ప్రతి ఉన్న యంత్రం దానిని సమాన ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ చెక్‌సమ్ అనే 32 బిట్ల తేలిక హాష్‌నూ, మరింత గట్టి హాష్‌నూ (తొలి రూపంలో 128 బిట్ల ఎండీ4) అవతలికి పంపుతుంది. కొత్త ప్రతి ఉన్న యంత్రం ఆ ముక్కల కోసం తన ఫైలులో ఒక్కొక్క బైటే జరుగుతూ వెతుకుతుంది. జరిగిన ప్రతిసారీ మొత్తం లెక్క మళ్లీ చేయకుండా, వెనుక వదిలిన బైటును తీసివేసి ముందు చేరిన బైటును కలుపుకుంటే తేలిక చెక్‌సమ్ సిద్ధమవుతుంది. అది కలిసిన చోట మాత్రమే గట్టి హాష్‌ను సరిచూస్తారు. అందువల్ల మధ్యలో అక్షరం చేరినా తర్వాతి భాగాలు గుర్తుపట్టబడతాయి, కలవని బైట్లు మాత్రమే ప్రయాణిస్తాయి. రెండు ప్రతులూ ఎన్నడూ ఒకచోట చేరకుండానే వాటి తేడాను కనుగొన్న ఈ పద్ధతి, సరళతలోనూ ప్రయోజనంలోనూ, ఎంతో గొప్పది.

కాపీ చేయకుండా పోలిక ఫలితాన్ని మాత్రమే చూపే డ్రై-రన్ సదుపాయం కూడా ఆర్‌సింక్‌లో ఉంది. అయితే విడిగా చెప్పకపోతే అది ఫైళ్ల పరిమాణాన్నీ, చివరిసారి మారిన సమయాన్నీ మాత్రమే చూస్తుంది. ఆ రెండూ కలిసి లోపలి పాఠం వేరైన ఫైలు దాని కంట పడదు. పాఠాన్నే పోల్చాలంటే చెక్‌సమ్ ఎంపికను కోరాలి, అప్పుడు నెట్‌వర్క్ మీద తగ్గిన భారం, రెండు వైపులా ఫైళ్లను మొదటి నుంచి చివరి దాకా చదవవలసి రావడంతో, డిస్కుల మీదికీ ప్రాసెసర్ల మీదికీ మారుతుంది. 2020లో వచ్చిన 3.2.0 సంచికలో ఎక్స్‌ఎక్స్‌హాష్ అనే వేగవంతమైన హాష్ చేరడంతో ప్రాసెసర్ల పని తేలికైంది గాని, డిస్కులు చదవవలసిన బైట్ల సంఖ్య తగ్గలేదు.