దూలము లేని కట్టడము

గిడ్డంగి అనగానే నాలుగు గోడలు, పైన ఒక కప్పు మన తలంపునకు వచ్చును. దానికొక చరిత్ర ఉండునని సాధారణముగా ఎవరును అనుకొనరు. కాని విక్టోరియా రాణి కాలమున ఇంగ్లాండులోని లివర్‌పూల్ ఓడరేవులో కట్టబడిన ఆల్బర్ట్ డాక్ గిడ్డంగుల చరిత్ర తెలిసికొనదగినది.

ఆ దినములలో లివర్‌పూల్ వర్తకులకు రెండు భయములుండెడివి. ఒకటి దొంగల భయము, రెండవది అగ్ని భయము. ఓడ నుండి దించిన సరుకు బండ్లమీద ఊరిలోని గిడ్డంగులకు చేరులోపల కొంత మాయమగుచుండెడిది. చేరిన సరుకుకును భద్రత తక్కువే; ఆ గిడ్డంగుల దూలములు, అంతస్తుల పలకలు కర్రతో చేసినవి. 1842లో ఆ పట్టణమున జరిగిన పెద్ద అగ్నిప్రమాదములో అనేక గిడ్డంగులు కాలిపోయెను.

రేవుల ఇంజనీరు జెస్సీ హార్ట్‌లీ, వాస్తుశిల్పి ఫిలిప్ హార్డ్‌విక్ తోడ్పాటుతో, ఈ రెండు భయములకును ఒకే కట్టడముతో జవాబు చెప్పెను. ఓడలు నిలుచు నీటి చుట్టును ఐదంతస్తుల గిడ్డంగులు లేపి, సరుకు ఓడలోనుండి నేరుగా లోపలికి చేరునట్లు చేసెను. అగ్ని సంగతి తేల్చుకొనుటకు ముందుగా ఒక చిన్న నమూనా కట్టడము కట్టించి, దానినిండ కర్రలు, తారు వేయించి నిప్పు పెట్టించి చూచెను. అట్టి పరీక్షల తరువాతనే పోత ఇనుము, ఇటుక, రాయి ఎంచుకొనెను.

మన పాత మద్రాసు మిద్దెలలో టేకు దూలములమీద ఇటుకలు పేర్చుట మనమెరుగుదుము. హార్ట్‌లీ కర్ర దూలమునకు బదులు ఇనుప దూలము పెట్టి, దూలమునకును దూలమునకును నడుమ ఇటుక కమానులు కట్టించెను. కప్పు సహితము ఇనుప రేకులే. నీటి అంచున 15 అడుగుల ఎత్తుగల లావైన ఇనుప స్తంభములు వరుసగా నిలిచెను. వాటి నడుమ అక్కడక్కడ వెడల్పైన కమానులున్నవి. అవి అందము కొరకు పెట్టినవి కావు. సరుకునెత్తు క్రేను చేయి తిరుగుటకు చోటు విడిచినవి. 1846 జూలై 30న ఆల్బర్ట్ యువరాజు ఈ రేవును ప్రారంభించెను. 1848లో నీటి ఒత్తిడితో పనిచేయు క్రేనులు అమర్చబడినవి.

ఇందొక విశేషము కలదు. పైన ఎక్కడను భారము మోయు కర్ర లేని ఈ కట్టడమునకు, క్రింద ఊబి నేలలో వేలకొలది బీచ్ చెట్ల దుంగలు పాతియున్నవి. అగ్నికి భయపడి పైన తీసివేసిన కర్రయే క్రింద ఆధారమాయెను.

పిక్టన్ అను వాస్తుశిల్పి దీని బలమును మెచ్చుకొని, అందమును బొత్తిగా విడిచిరని నొచ్చుకొనెను. అయితే కాలము వేరొక చిక్కు తెచ్చెను. తెరచాప ఓడలకు సరిపోయిన రేవు పెద్ద ఆవిరి ఓడలకు చాలలేదు. 1972లో రేవు మూతపడి, బురదతో నిండిపోయెను. పడగొట్టవలెనను ఆలోచనలును సాగెను. 1981 తరువాత మరమ్మతులు మొదలై, 1984 నుండి మరల జనులకు తెరువబడినది.

ఈ గిడ్డంగులలో నిలువచేసిన సరుకులలో పత్తి ఒకటి. ఆ కాలమున అమెరికా నుండి లివర్‌పూలునకు వచ్చిన పత్తిలో అధిక భాగము బానిసల చెమటతో పండినదే. 2007లో ఇదే రేవులోని ఒక గిడ్డంగిలో బానిసత్వ చరిత్రను తెలుపు మ్యూజియము ప్రారంభించబడినది. సరుకును దొంగల నుండియు, అగ్ని నుండియు కాపాడుటకు ఇంత శ్రమపడిన గోడలు, ఆ సరుకును పండించినవారి మాట చెప్పుటకు 160 ఏండ్లు పట్టెను. పాత కట్టడమును నిలుపుకొనుటలోని మేలు ఇదియే. పడగొట్టియుండినయెడల ఆ సాక్ష్యము చెప్పుటకు ఆ గోడలుండెడివి కావు.