ఇంగ్లీషున విభక్తులు పోయిన కథ

తెలుగున ‘రాజు సింహమును చంపెను’ అనవచ్చును. ‘సింహమును రాజు చంపెను’ అనియు అనవచ్చును. పదముల వరుస మారినను చంపినదెవరో, చచ్చినదేదో సందేహము కలుగదు. ‘ను’ అను చిన్న ప్రత్యయము అర్థమును కాపాడుచున్నది. నేటి ఇంగ్లీషున ఆ రెండు పదములను తారుమారు చేసినచో సింహమే రాజును చంపినట్లగును. ఆ భాషకు మొదటినుండియు విభక్తులు లేవా?

ఉండెడివి. క్రీ. శ. 5వ శతాబ్దము మొదలు సుమారు 1100 వరకు వాడుకలో నుండిన ప్రాచీన ఇంగ్లీషున నామవాచకములకు ముఖ్యముగా నాలుగు విభక్తులు కలవు. రాజును ‘క్యునింగ్’ అనెడివారు. ‘క్యునింగెస్’ అనగా రాజుయొక్క. ‘క్యునింగె’ అనగా రాజునకు. కర్తకును కర్మకును ఈ పదము రూపమొక్కటియే అయినను ముందు నిలుచు ఉపపదము మారెడిది. ‘సే క్యునింగ్’ అన్నచో రాజు. ‘థొనె క్యునింగ్’ అన్నచో రాజును.

ఇంతటి సంపద ఎట్లు పోయినది? ఆ భాషలో ఊనిక సాధారణముగా పదము మొదటి భాగముపై పడును. అందుచే తుదినుండు అచ్చులు క్రమముగా బలహీనపడి, ఒకదానివలె మరియొకటి వినబడసాగినవి. 9వ శతాబ్దమున ఉత్తర, తూర్పు ప్రాంతములలో స్థిరపడిన డేనుల భాషకును ఇంగ్లీషునకును ధాతువులలో పోలిక యుండెను. ప్రత్యయములలో భేద ముండెను. ఇరువురును కలిసి మెలిసి బ్రతుకుటచే ప్రత్యయములు మరింత త్వరగా జారిపోయినవని పలువురు పండితుల అభిప్రాయము. 1066లో నార్మనులు జయించిన పిమ్మట ఆస్థానమున ఫ్రెంచి వెలసినది. పాత వ్రాతభాషకు రక్షణ తగ్గినది. 1154తో ముగిసిన పీటర్‌బరో మఠపు వృత్తాంతమును చూచినచో, పూర్వపు ప్రత్యయములు పెక్కు అప్పటికే రాలిపోయినట్లు తెలియును. వాని పనిని పదముల వరుసయు, ‘ఆఫ్’, ‘టు’ వంటి చిన్న పదములును చేపట్టినవి.

అయినను వ్యాకర్తలు లాటిను నీడను వెంటనే విడువలేదు. 1586లో విలియం బుల్లోకర్ ప్రకటించిన మొదటి ఇంగ్లీషు వ్యాకరణము లాటిను మూసలోనిదే. 1653లో గణితవేత్త జాన్ వాలిస్, తాను లాటినుననే వ్రాయుచును, ఇంగ్లీషును ఆ మూసలో నొక్కరాదని వాదించెను.

సర్వనామములలో ‘హి’, ‘హిమ్’, ‘హిజ్’ అను భేదము నిలిచినది. నామములకు మిగిలినది అపాస్ట్రఫీతో కూడిన ‘స్’ ఒక్కటియే. అది ‘హిజ్’ అను పదమునకు కుదింపని కొందరు నమ్మిరి. స్త్రీవాచకములకు సైతము అదే చేరుచున్నదికదా యని 1755 నాటి తన నిఘంటువున శామ్యూల్ జాన్సన్ ఆ మాటను ఖండించెను. నిజమునకు అది ‘క్యునింగెస్’ తుదినున్న ప్రత్యయమే.

ఆ ప్రత్యయమును నేడు మారినది. పూర్వము ‘కింగ్స్ క్రౌన్ ఆఫ్ ఇంగ్లండ్’ అనెడివారు. ఇప్పుడు ‘కింగ్ ఆఫ్ ఇంగ్లండ్స్ క్రౌన్’ అందురు. కిరీటము రాజుది, ప్రత్యయము మాత్రము పదసముదాయపు కడపటనున్న దేశనామమునకు తగులుకొన్నది.

కావున ఇంగ్లీషు నేర్చుకొను తెలుగు విద్యార్థి తన ఏడు విభక్తులను అచ్చట పదముల తుదిని వెదకి విసుగు చెందనక్కరలేదు. పదమున్న చోటును, దాని ముందున్న చిన్న పదమును చూచిన చాలును. విభక్తుల రూపములు పోయినవి. వాని పని పోలేదు.