తలమీద చెయ్యి పెట్టుకుని పలికిన మాట



మన సంఘాల్లో కొందరు బిడ్డలుంటారు. ఆరాధన మొదలయ్యాక వచ్చి వెనక చాపమీద కూర్చుంటారు. ఆశీర్వాదం ముగిసీ ముగియకముందే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. దేవుని మీద ప్రేమ లేక కాదు, పక్కనోళ్ళు పలకరిస్తారేమోనని. పాశమైలారంలో, బొల్లారంలో పనిచేసే పిల్లల్లో వీళ్ళు ఎక్కువగానే ఉన్నారు. ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజు నుంచే కడుపులో తిప్పుతుంది. క్యాంటీన్‌లో నలుగురి మధ్య తినలేక టిఫిన్ డబ్బా విప్పకుండానే రూముకు తెచ్చుకుంటారు. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఎత్తడానికి చెయ్యి రాదు.

డాక్టర్లు దీనికి సోషల్ యాంగ్జైటీ అని పేరు పెట్టారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో సోషల్ ఫోబియా అనే పేరుతో దీన్ని చేర్చింది. మన ఊళ్ళల్లో మాత్రం బిడియం అనో, పిరికితనం అనో కొట్టిపారేస్తాం. కొందరు బోధకులైతే ఇంకో అడుగు ముందుకేసి "నీకు విశ్వాసం చాలలేదు" అంటారు. ఆ మాట విన్న బిడ్డ మరుసటి ఆదివారం ఆ వెనక చాపమీదకు కూడా రాదు. ఆ మాట ఎంత తప్పో మన సంఘ చరిత్రే చెబుతుంది. అందుకే ఈ నెల చరిత్ర రాస్తున్నాను.

మనుషుల ముందు నోరు పెగలకపోవడం మన తాతల కాలంలో ఒక్కొక్కరి మనసులో పుట్టిన భయం కాదు. అది ఊరు పెట్టిన కట్టుబాటు. నిజాం రాజ్యంలో మాల మాదిగ పల్లెల్లోని మనుషులు గడీ ముందునుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకోవాలి, తలగుడ్డ తీయాలి, చూపు నేలమీద ఉండాలి. వెట్టికి పిలిస్తే ఎందుకని అడగకూడదు. "బాంచన్ దొరా, కాల్మొక్తా" అన్నది ఒక్కటే వాళ్ళకు అనుమతించిన సంభాషణ. మన జోగిపేట, నారాయణఖేడ్ వైపు పెద్దలను అడగండి, ఇంకా చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. ఈరోజు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ కుర్రాడికి వచ్చే వణుకు, అప్పటి ఆ భయం ఒకటేనని నేను అనను. కానీ తల దించుకుని బతకమని తరతరాలు నేర్పించిన ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు తల ఎత్తడం కొంచెం కష్టమవుతుందని మాత్రం నమ్ముతాను.

అలాంటి మనుషుల మధ్యకే సువార్త వచ్చింది. మన మెదక్‌కు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890ల చివర్లో వచ్చారు. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి పెడుతూ పదేళ్ళు కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. 175 అడుగుల గోపురం, ఐదువేల మంది పట్టే మందిరం. ఆ కథ మీ అందరికీ తెలుసు, ప్రతి క్రిస్మస్‌కూ వింటూనే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది దోర్నకల్ సంగతి.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలోని ఒక పల్లెలో పుట్టారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. 1909లో పాదిరిగా అభిషేకం పొంది, తిరునెల్వేలి విశ్వాసులు పంపగా దోర్నకల్ వచ్చి, పెద్దయ్యాక మన భాష నేర్చుకున్నారు. పరాయి భాషలో తడబడుతూ మాట్లాడటం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. మరుసటి ఏడాది 1910 జూన్‌లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన నిలబడ్డారు. దాదాపు 1200 మంది ప్రతినిధులు, అందులో ఆసియా దేశాలవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అక్కడ ముప్పయ్యయిదేళ్ళ అజరయ్య, మిషనరీలు మా కోసం ఎంతో త్యాగం చేశారు గానీ మాకు స్నేహితులు కూడా కావాలి అని అడిగారు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన బిషప్‌గా పల్లెలు తిరిగేటప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నారు. బాప్తిస్మం పొందినవాళ్ళను ఎవరి చెయ్యి వాళ్ళ తలమీద పెట్టుకోమనేవారు. తర్వాత తనతో పాటు పలకమనేవారు. నేను బాప్తిస్మం పొందాను, ఇక సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే భావం, 1 కొరింథీయులకు 9:16 నుంచి. పలికినవాళ్ళలో ఎక్కువమంది అక్షరం రాని కూలీలు. పదిమందిలో నోరు తెరవడం జీవితంలో అదే మొదటిసారి అయినవాళ్ళు వాళ్ళలో ఎందరుంటారో ఊహించండి.

ఈ అలవాటు గురించి నేను చాలా ఆలోచించాను. ఒకటి, ఒక్కణ్ణి ముందుకు లాగి మైకు చేతికివ్వలేదు. అందరూ కలిసి పలికారు. ఎవడి గొంతు వణికిందో పక్కవాడికి కూడా తెలియదు. ఇంకొకటి, మాటలు సిద్ధంగా ఉన్నాయి, వెతుక్కోనక్కర్లేదు. ఆ చెయ్యి ఎవరిది? బిషప్‌గారిది కాదు, ఎవరిది వాళ్ళదే. నిన్నటిదాకా కట్టె మోపు, దొర సామాను మోసిన తలమీద ఇవాళ తన చెయ్యే ఉంది. 1945 జనవరి 1న అజరయ్య మరణించేనాటికి ఆ డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అంతమందికి సువార్త చేరింది పెద్ద ప్రసంగీకుల వల్ల కాదు. గుంపులో కలిసి మొదటిసారి నోరు విప్పిన ఆ కూలీలు తమ చుట్టాలకు చెప్పుకున్నారు, అంతే.

ఇప్పుడు ఇంకో దేశం, ఇంకో మనిషి. విలియం కౌపర్, ఇంగ్లండులో 1731లో పుట్టిన కవి. ఆరేళ్ళకే తల్లి పోయింది. బడిలో ఒక పెద్ద పిల్లవాడు ఎంతగా హింసించాడంటే, వాడి మోకాళ్ళకు పైన చూసే ధైర్యం లేక వాడి బూట్ల బకిల్స్‌ను బట్టే వాణ్ణి గుర్తుపట్టేవాణ్ణని కౌపర్ తర్వాత రాసుకున్నాడు. గడీ ముందు నేలచూపులు చూసిన మన తాతలకు ఈ మాట వివరించనక్కర్లేదు.

1763లో బంధువు ద్వారా అతనికి ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అయితే పోటీ వర్గం అభ్యంతరం చెప్పడంతో సభ ముందు నిలబడి పరీక్షకు జవాబివ్వాలన్నారు. నెలల తరబడి పుస్తకాలు ముందు పెట్టుకున్నాడు, ఒక్క ముక్క తలకెక్కలేదు. పరీక్ష దగ్గరపడేకొద్దీ ప్రాణం తీసుకోవాలనుకునేదాకా వెళ్ళాడు. మనుషుల ముందు నిలబడాలన్న భయం ఒక చదువుకున్న మనిషిని అంతదాకా తీసుకెళ్ళింది. దీన్ని చిన్న విషయమనుకునే తల్లిదండ్రులు ఈ పేరా ఇంకోసారి చదవండి.

అతన్ని సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ ఆసుపత్రిలో చేర్చారు. ఆయన భక్తిగల వైద్యుడు. అక్కడే 1764లో రోమీయులకు 3:25 చదివి కౌపర్ క్రీస్తును నమ్మాడు. వైద్యం, వాక్యం ఒకే ఇంట్లో దొరికాయి. తర్వాత ఓల్నీ అనే ఊళ్ళో జాన్ న్యూటన్ కాపరిగా ఉన్న సంఘంలో చేరాడు. అక్కడ ప్రార్థన కూటాల్లో కౌపర్ నడిపించే వంతు వచ్చేది. వంతు ఉందంటే కొన్ని గంటల ముందునుంచే మనసు కలతపడేదట, ప్రార్థన మొదలుపెట్టగానే ఆ వణుకు పోయేదట. అతని మరణం తర్వాత ఓల్నీలో ప్రసంగించిన శామ్యూల్ గ్రీట్‌హెడ్ ఈ సంగతి చెప్పారు. ప్రార్థనలో మనం మాట్లాడేది మనుషులతో కాదు గనుక అలా జరిగి ఉంటుంది. అయినా భయం మళ్ళీ వారం మళ్ళీ వచ్చేది. ఆయన మళ్ళీ వెళ్ళేవాడు.

అంతటితో సుఖాంతమని రాస్తే అబద్ధమవుతుంది. 1773లో జబ్బు తిరగబెట్టింది. కౌపర్ ఆ తర్వాత 1800లో చనిపోయేదాకా చర్చికి తిరిగి అలవాటు పడలేదు, దేవుడు తన్ను వదిలేశాడనే బాధ అతన్ని వదల్లేదు. అప్పుడు న్యూటన్ ఏం చేశాడు? "విశ్వాసం చాలలేదు" అనలేదు. అతన్ని తన ఇంటికి తెచ్చుకుని దాదాపు ఏడాది పైన పెట్టుకున్నాడు. 1779లో వాళ్ళిద్దరి పాటల పుస్తకం ఓల్నీ హిమ్స్ వచ్చింది. 348 కీర్తనల్లో అరవైకి పైగా, నోరు పెగలని ఈ మనిషివి. ప్రపంచమంతా సంఘాలు ఇప్పటికీ పాడుతున్నాయి.

మోషే కథలో కూడా నాకు నచ్చేది ఇదే. నిర్గమకాండము 4వ అధ్యాయంలో మోషే తనకు మాట నేర్పు లేదని మొరపెట్టుకున్నాడు. దేవుడు అతని నాలుకను అప్పటికప్పుడు మార్చలేదు. నీ అన్న అహరోను నిన్ను ఎదుర్కొనడానికి వస్తున్నాడని చెప్పాడు. అంటే తోడు అప్పటికే బయల్దేరింది. పౌలు కూడా కొరింథుకు భయంతో, వణుకుతోనే వెళ్ళానని ఒప్పుకున్నాడు.

కాబట్టి బిడ్డలారా, మీకోసం ప్రార్థిస్తాం, డాక్టర్ దగ్గరికి పంపడానికి కూడా వెనకాడం. నిద్ర పోయినా, పనికి పోలేకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా ఆగవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఎదుటి మనిషి ముఖం కనిపించదు గనుక మొదటి మాట అక్కడ కొంచెం తేలిక. అది కూడా కష్టమైతే అమ్మగారికి చెప్పండి, పక్కన కూర్చుని ఆమే నంబరు కలుపుతారు.

మన బుధవారం గృహ కూటాల్లో ఈ నెల నుంచి వరుస ప్రార్థన ఇలా చేస్తున్నాం. గుండ్రంగా కూర్చుంటాం. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. ఇవాళ నోరు రానివాళ్ళు పక్కవారి చెయ్యి తాకితే చాలు, వంతు వారికి వెళ్తుంది, ఎందుకని ఎవరూ అడగరు. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్ళ కోసం సాయంత్రం ఐదున్నరకే మొదలుపెడుతున్నాం.