ఎవరి కాలికి కొలిచిన సైకిలు?

సైకిళ్ళ కొట్టుకి మగవాడు వెళ్తే "22 కావాలా, 24 కావాలా?" అని అడిగేవారు. ఆ అంకెలు ఫ్రేము ఎత్తు. పెడళ్ళ ఇరుసు దగ్గర్నుంచి సీటు కింది గొట్టం పైదాకా ఎన్ని అంగుళాలో చెప్పే లెక్క. పొడుగువాడికి 24, పొట్టివాడికి 22. ఆడమనిషి వెళ్తే ఆ ప్రశ్నే లేదు. "లేడీస్ సైకిలా?" అని ఒకదాన్ని బయటికి తీసేవారు. అంటే మగవాడికి ఎత్తూ పొడుగూ ఉంటాయి. ఆడదానికి ఆడది కావటమే కొలత!

ఈ అలవాటు ఎక్కడ మొదలైందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే అది మన ఊళ్ళో కొట్టు యజమాని దగ్గర ఆగలేదు. ఇంగ్లండు దాకా, ఆ తర్వాత అమెరికా దాకా తీసుకెళ్ళింది నన్ను.

1870ల నాటి సైకిలు బొమ్మ మీరు చూసే ఉంటారు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనక చక్రం పళ్ళెమంత. దానికి చైను లేదు, పెడళ్ళు నేరుగా ముందు చక్రం ఇరుసుకే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. కాబట్టి చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం. మరి ఎంత పెద్దది చెయ్యొచ్చు? తొక్కేవాడి కాలు అందినంత. అందుకని 48 అంగుళాలనీ, 54 అనీ, 60 అనీ కాలి పొడుగుని బట్టి అమ్మేవారు. దర్జీ చొక్కా కుట్టినట్టుగా సైకిలు కూడా ఒంటిని కొలిచి ఇచ్చే వస్తువుగానే మొదలైందన్నమాట. అయితే ఆడవాళ్ళకి కాళ్ళున్నాయన్న మాట ఎత్తడమే అసభ్యమైన ఆ సమాజంలో టేపు వాళ్ళ దాకా రాలేదు. వాళ్ళకి మూడు చక్రాల బండి చూపించారు. 1881లో సాక్షాత్తూ విక్టోరియా రాణే జేమ్స్ స్టార్లీ చేసిన ట్రైసికిళ్ళు తెప్పించుకుంది.

ఆ స్టార్లీ అన్న కొడుకో తమ్ముడి కొడుకో గాని, ఆ ఇంటివాడే జాన్ కెంప్ స్టార్లీ 1885లో కోవెంట్రీలో 'రోవర్' తయారుచేశాడు. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను. ఇవాళ మనం ఎక్కే సైకిలుకి తాత అదే. చైను రావటంతో చక్రానికీ కాలికీ ఉన్న లంకె తెగిపోయింది. కొలత చక్రాన్ని వదిలి ఫ్రేములోకి వచ్చింది. రెండు త్రికోణాలు కలిపినట్టుండే ఫ్రేము స్థిరపడింది. సీటు నుంచి హేండిల్ దాకా పైన అడ్డంగా ఒక రాడ్డు. నేల మీద నిలబడి ఆ రాడ్డుకి అటొక కాలు ఇటొక కాలు వేసినప్పుడు మధ్యలో అంగుళమో రెండంగుళాలో ఖాళీ ఉండాలి. అదీ సైజు చూసుకునే మొదటి పద్ధతి.

ఆడవాళ్ళ కోసం ఆ పై రాడ్డుని తీసేశారు. ఇది సరికొత్త ఆలోచనేం కాదు. పెడళ్ళే లేని రోజుల్లో, 1819లోనే లండన్‌లో డెనిస్ జాన్సన్ ఆడవాళ్ళ కోసం మధ్యలో కిందికి వంచిన బండి ఒకటి చేశాడు. ఎందుకు తీశారు? ఆడవాళ్ళ నడుమో, కాలో, భుజమో కొలిచి కాదు. లంగా కోసం. చీలమండల దాకా వేలాడే గౌనూ, దాని కింద ఇంకో రెండు లంగాలూ రాడ్డుకి తగులుకుంటాయని. అంటే మగవాడి ఫ్రేము ఒంటిని చూసి తయారైతే, మన ఫ్రేము ఒంటిమీది గుడ్డని చూసి తయారైంది. ఈ తేడా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా దీన్నుంచే వచ్చింది.

త్రికోణంలో ఒక భుజం తీసేస్తే బలం పోతుంది. పోయిన బలాన్ని లావుపాటి గొట్టాలతో పూడ్చాలి. దాంతో బరువు పెరిగింది. గౌను చైనులో పడకుండా మూత, చక్రంలో పడకుండా వల, మరికొంత బరువు. స్త్రీలు అబలలనీ, శ్రమకి తట్టుకోలేరనీ అప్పటి డాక్టర్లు పుటలు పుటలుగా రాస్తున్నారు. అదే కాలంలో బరువైన సైకిలు మాత్రం ఆ అబలలకే!

దీనికి యానీ లండన్‌డెరీ కథ కంటే మంచి రుజువు దొరకదు. లాత్వియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబపు స్త్రీ, ముగ్గురు పిల్లల తల్లి, అసలు పేరు యానీ కోహెన్ కొప్చోవ్‌స్కీ. (లండన్‌డెరీ అన్నది ఒక నీళ్ళ సీసాల కంపెనీ పేరు. 100 డాలర్లిచ్చి తన ప్రకటనతో పాటు తన పేరు కూడా ఆమెకి తగిలించింది.) 1894 జూన్‌లో బోస్టన్ నుంచి ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరింది. పొడుగు గౌను, దానికి తగ్గ ఆడవాళ్ళ సైకిలు. దాని బరువు 42 పౌన్లు, దాదాపు 19 కిలోలు. చికాగో చేరేసరికి అలా కుదరదని తేలిపోయింది. అక్కడ దాన్ని వదిలేసి మగవాళ్ళ ఫ్రేముతో 21 పౌన్ల సైకిలు తీసుకుంది. సరిగ్గా సగం బరువు. ఫ్రేము మారింది గనక బట్టలూ మారాయి. గౌను పోయి వదులు పైజామాలాంటి బ్లూమర్స్ వచ్చాయి. 1895 సెప్టెంబరులో ఆమె తిరిగి చికాగో చేరింది. దారిలో ఎంత దూరం తొక్కింది, ఎంత దూరం ఓడలో వెళ్ళింది అని అప్పట్నుంచీ వాదిస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఆమె చేసిన ప్రయాణమంతటిలో ముఖ్యమైన మజిలీ చికాగోలో ఆ సైకిలు మార్చుకున్న రోజే అనిపిస్తుంది.

ఆమె ఒక్కతే కాదు. 1893లో టెస్సీ రేనాల్డ్స్ అనే 16 ఏళ్ళ పిల్ల మగవాళ్ళ సైకిలు మీద, మోకాళ్ళ కింది దాకా ఉన్న పంట్లాంతో బ్రైటన్ నుంచి లండన్ వెళ్ళి ఎనిమిదిన్నర గంటల్లో తిరిగొచ్చింది. పత్రికలు ఆమె వేగం కంటే పంట్లాం గురించే ఎక్కువ గొడవపడ్డాయి. 1897లో కేంబ్రిడ్జిలో స్త్రీలకి డిగ్రీలు ఇవ్వాలా అని ఓటింగు జరిగిన రోజున దాన్ని వ్యతిరేకించే కుర్రాళ్ళు వీధి మీద ఒక దిష్టిబొమ్మ వేలాడదీశారు. చదువుకున్న ఆడదాన్ని ఎగతాళి చెయ్యటానికి వాళ్ళకి తోచిన రూపం ఏమిటంటే, బ్లూమర్స్ వేసుకుని సైకిలెక్కిన మనిషి.

ఎలా కూర్చుని తొక్కాలన్నది కూడా నీతిశాస్త్రమే నిర్ణయించింది. ముందుకి వంగితే గాలి అడ్డు తగ్గుతుంది, ఒంటి బలమంతా పెడల్ మీదికి దిగుతుంది. వేగంగా పోవాలంటే అలాగే వంగాలి. కాని వంగటం ఆడతనం కాదన్నారు. వీపు నిటారుగా, హేండిల్ ఎత్తుగా, సోఫాలో కూర్చున్నట్టు కూర్చోవాలన్నారు. నిదానంగా సంతకి వెళ్ళిరావటానికి ఆ భంగిమ హాయిగానే ఉంటుంది, కాదనను. ఎక్కడికి పోతాం, ఎంత వేగంగా పోతాం అన్నదాన్ని బట్టి మనిషి ఎంచుకోవాల్సినదాన్ని ముందే ఫ్రేములో బిగించి ఇవ్వటం దగ్గరే నా పేచీ.

తర్వాత దాదాపు నూరేళ్ళకి ఈ ప్రశ్నని టేపుతో పట్టుకున్నది జార్జీనా టెర్రీ అనే అమెరికన్ ఇంజనీరు. 1985లో ఆమె న్యూయార్క్ రాష్ట్రంలో సొంతంగా సైకిళ్ళ కంపెనీ పెట్టింది. పొట్టి స్త్రీలకి అసలు ఇబ్బంది రాడ్డు ఎత్తు ఒక్కటే కాదు, సీటు నుంచి హేండిల్ దాకా ఉన్న దూరం అని ఆమె పట్టుకుంది. ఫ్రేము ఎత్తు తగ్గించినా, పెద్ద ముందు చక్రం అడ్డొచ్చి ఆ దూరం తగ్గటం లేదు. అందుకని ముందు చక్రాన్నే 24 అంగుళాలకి తగ్గించేసింది. ఎంత సూటి ఆలోచనో చూడండి! ఆ దూరం ఎక్కువైతే చేతులు బిగదీసుకుపోయి మెడా, భుజాలూ, మణికట్లూ నొప్పెడతాయి. ఆ నొప్పులన్నీ అప్పటిదాకా ఆడవాళ్ళ సున్నితత్వం ఖాతాలో పడుతూ వచ్చాయి. రాడ్డు లేని ఫ్రేములో అయితే దేనికి దేని మధ్య ఖాళీ చూడాలో తెలియక సైజు సంగతే మర్చిపోతాం. కాని రాడ్డు పోయినంత మాత్రాన చెయ్యి చాచే దూరం ఎక్కడికి పోతుంది?

టెర్రీ దారిలో పెద్ద కంపెనీలు కూడా వచ్చాయి. వచ్చి ఏం చేశాయంటే, ఆడవాళ్ళందరికీ కాళ్ళు పొడుగు, మొండెం పొట్టి అని ఒక సగటు ఆడదాన్ని తయారుచేసి, ఆమెకి ప్రత్యేకమైన ఫ్రేములు అమ్మాయి. 2019లో స్పెషలైజ్డ్ కంపెనీ తన దగ్గరున్న వేలాది మంది కొలతలు చూసి, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఉన్న తేడా ఆడా మగా మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటోందని చెప్పి, ఆడవాళ్ళ ఫ్రేము అనే విభజననే వదిలేసింది. ఇందులో వ్యాపారం లేదనుకునే అమాయకత్వం నాకు లేదు. కాని స్త్రీవాదం ఎన్నాళ్ళుగానో చెప్తున్న మాట ఒకటి ఉక్కు గొట్టాల భాషలో వినిపించటం సరదాగా ఉంది.

ఇక మన దగ్గరికొస్తే, మన నల్ల సైకిలు పుట్టిల్లు కూడా ఇంగ్లండే. స్వాతంత్ర్యం తర్వాత అట్లాస్ 1951లో, హీరో 1956లో పెట్టారు. కాని 28 అంగుళాల చక్రాలూ, ఆ ఎత్తు ఫ్రేములూ అలాగే నిలిచిపోయాయి. 1980ల్లో ఫ్రెంచ్ కోచ్ సిరిల్ గిమార్ దగ్గర నేర్చుకుని గ్రెగ్ లెమాండ్ ప్రచారం చేసిన లెక్క ఒకటుంది. గోడకి ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని పైకి గట్టిగా నొక్కి పెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవాలి. ఆ కొలతని 0.67తో గుణిస్తే ఫ్రేము ఎత్తు. 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు. ఇది పందెపు సైకిళ్ళకి పుట్టిన లెక్క కాబట్టి మన సైకిలుకి అచ్చంగా కాకపోయినా, దాదాపుగా సరిపోతుంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, కాలి కొలత 71 సెంటీమీటర్లు. నాకు కావాల్సిన ఫ్రేము 48 సెంటీమీటర్ల లోపు, అంటే 19 అంగుళాలు కూడా లేదు. తిరగేసి చూస్తే 24 అంగుళాల ఫ్రేముకి 91 సెంటీమీటర్ల కాలు కావాలి. అంత కాలున్న మగవాళ్ళని మన ఊళ్ళల్లో ఎంతమందిని చూశాం? పొట్టివాళ్ళదనుకున్న 22కే 83 సెంటీమీటర్లు కావాలి. ఆ సైకిలు మన మగవాళ్ళ కొలత కూడా కాదు. వాళ్ళు దాన్ని సర్దుకుని తొక్కారు, అది వాళ్ళదని నమ్మారు. మగపిల్లలు రాడ్డు కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ నేర్చుకున్నారు. చాలా ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఆ వీలూ ఇవ్వలేదు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం తమిళనాడులోని పుదుక్కోట. 1991-92లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమం, అరివొళి ఇయక్కం, చదువుతో పాటు సైకిలు కూడా నేర్పింది. కలెక్టరు షీలారాణి చుంకత్ స్త్రీలకి సైకిళ్ళ కోసం బ్యాంకు అప్పులిప్పించింది. సరిగ్గా అదే రోజుల్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల్లోంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచిన సంగతి మనకి తెలుసు. అక్కడ సారా కొట్టు, ఇక్కడ సైకిలు. పాలగుమ్మి సాయినాథ్ ఆ జిల్లా తిరిగి రాసినదాని ప్రకారం లక్ష మందికి పైగా స్త్రీలు నేర్చుకున్నారు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు. అంతమందికి లేడీస్ సైకిళ్ళు దొరకలేదు. గెంట్స్ సైకిళ్ళే ఎక్కారు. ఎక్కాక కొందరు అదే బాగుందన్నారు. ఎందుకంటే దానికి ముందు రాడ్డు ఉంది, దాని మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు!

గౌనుకి అడ్డమని నూరేళ్ళ కిందట తీసేసిన రాడ్డుని చీర కట్టుకున్న కూలి తల్లులు తిరిగి అడిగారు. ఎవరూ వాళ్ళని కొలవలేదు. మొయ్యాల్సిన నీళ్ళూ, సరుకూ, బిడ్డా వీటిని చూసుకుని ఫ్రేము వాళ్ళే ఎంచుకున్నారు. దుకాణాల కేటలాగులు రాసేవాళ్ళకి తొక్కే తీరు అంటే షికారో పందెమో. కూలికి పోతూ బిడ్డని బాలవాడీలో దింపటం కూడా ఒక తొక్కే తీరేనని వాళ్ళు ఎప్పుడు రాస్తారో!

తర్వాత ప్రభుత్వాలు సైకిళ్ళు పంచటం మొదలెట్టాయి. 2006లో బీహార్ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవటానికి డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన పరిశోధనలో ఆడపిల్లల హైస్కూలు నమోదు 32 శాతం పెరిగిందనీ, ఆడా మగా మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళల్లో ఫలితం ఇంకా ఎక్కువ. 2010ల రెండో సగంలో ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. ఇవి చిన్న విషయాలు కావు. అయితే డబ్బిస్తే పిల్ల కొట్టుకెళ్ళి ఎక్కి చూసుకుంటుంది. సైకిలే ఇస్తే వచ్చినదే ఎక్కాలి. నేను చూసిన బడుల్లో వరండాల నిండా నిలబెట్టిన సైకిళ్ళన్నీ ఒకటే సైజు. ఆ తరగతిలో నాలుగున్నర అడుగుల పిల్లా ఉంది, అయిదున్నర అడుగుల పిల్లా ఉంది.

ఇంకొకటి కూడా గమనించాను. సీట్లన్నీ వచ్చినప్పుడు ఎంత కిందికి ఉన్నాయో అలాగే ఉన్నాయి. సీటు సరైన ఎత్తులో ఉంటే పెడల్ కిందికొచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. అలా పెట్టుకుంటే ఆగినప్పుడు కాలివేళ్ళు మాత్రమే నేలకి ఆనుతాయి. పాదం మొత్తం ఆనాలంటే సీటు దించాలి, అప్పుడు తొక్కినంతసేపూ మోకాళ్ళు నొక్కుకుపోతాయి. "పడిపోతావే, జాగ్రత్త" అన్న మాట వింటూ పెరిగిన పిల్లలు సీటు దించుకునే తొక్కుతారు. నాలుగు కిలోమీటర్లు అలా తొక్కి మోకాళ్ళు నొప్పంటే, ఆడపిల్లకి సైకిలెందుకన్న మాట మళ్ళీ ఇంట్లో మొదలవుతుంది.

గుంటూరు జిల్లాలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు ఒకామె లెక్కల పీరియడ్‌లో పిల్లల్ని గోడకి వరసగా నిలబెట్టి, అట్లాసు పుస్తకం ఒకటి చేతికిచ్చి ఒకళ్ళని ఒకళ్ళు కొలుచుకోమంది. సుద్దముక్కతో గోడ మీద 31 గీతలు. ఏ రెండూ ఒకచోట లేవు. సాయంత్రం పక్క వీధి మెకానిక్ దగ్గర స్పానరు అడిగి తెచ్చుకుని, గుణకారాలు చేసి, పిల్లలే సీట్లు ఎత్తుకున్నారు. ఒక పొడుగుపిల్ల సీటు ఎంత లాగినా చాల్లేదు. ఆ పిల్ల వాళ్ళన్న పాత గెంట్స్ సైకిలు మీద బడికొస్తోందిప్పుడు.