ఒరిజినల్ అంటే ఏ రోజుది?

దాదాపు ఆరు టన్నుల బరువు. పది చక్రాలు. చాలావాటికి పవర్ స్టీరింగ్ ఉండదు, స్టార్ట్ చెయ్యడానికి తాళంచెవీ ఉండదు. గంటకి 90 కిలోమీటర్లంటే దానికి గగనమే. ఇలాంటి మిలిటరీ లారీని కేవలం సరదాకి కొనుక్కుని ఇంటి పక్కన పెట్టుకునేవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. దాని అసలు పేరు ఎం35. ముద్దుపేరు ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’, అంటే రెండున్నర. దారి లేనిచోట రెండున్నర టన్నులు మొయ్యాలన్నది లెక్క.

ఆ ముద్దుపేరు ఈ లారీ కంటే పాతది. రెండో ప్రపంచయుద్ధంలో జనరల్ మోటార్స్ 5 లక్షలకి పైగా తయారుచేసిన లారీ నుంచి వారసత్వంగా వచ్చింది. 1944లో ఫ్రాన్సు రైలుమార్గాలని మిత్రరాజ్యాలే ముందుగా బాంబులేసి పాడుచేశాయి. తీరా జర్మన్లు వెనక్కి తగ్గేసరికి, వాళ్ళ వెంటపడిన సైన్యానికి పెట్రోలు అందించే దారి లేకపోయింది. అప్పుడు నార్మండీ నుంచి ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ పేరుతో లారీల వరస బయల్దేరింది. ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా, రాత్రీ పగలూ. డ్రైవర్లలో నాలుగింట మూడొంతులు నల్లజాతి సైనికులు. వాళ్ళలో చాలామందికి తుపాకీ పట్టి పోరాడే దళాల్లో చోటివ్వని సైన్యం అది. స్పీడు పెరక్కుండా ఇంజనుకి బిగించిన గవర్నర్లని వాళ్ళు మార్చేసి, లారీలని ఇంకా వేగంగా తోలారు.

మిషిగన్‌లోని లాన్సింగ్‌లో రియో కంపెనీ డిజైన్ చేసిన ఎం35 1950ల్లో వచ్చింది. ఏ ఇంధనం దొరికితే దానితో నడిచే లారీ కావాలని సైన్యం కోరుకోవడంతో, 1960ల్లో దీనికి మల్టీఫ్యూయల్ ఇంజను పెట్టారు. డీజిలు, కిరోసిను, విమానాల ఇంధనం, తప్పదంటే పెట్రోలు. కిటుకేంటంటే, పిస్టన్‌లో గుండ్రటి గుంట ఉంటుంది. ఇంధనాన్ని గాల్లోకి కాకుండా ఎక్కువభాగం ఆ గుంట గోడమీదకి చిమ్ముతారు. అది వేడికి మెల్లగా ఆవిరవుతూ మండుతుంది కాబట్టి, ఇంధనంలో తేడాలు మరీ ఇబ్బంది పెట్టవు. ఈ పద్ధతి జర్మనీలోని మాన్ కంపెనీది. నిన్నటి శత్రుదేశపు ఇంజనీరింగు అమెరికా సైనిక లారీలోకి చేరిందన్నమాట.

నాతో పనిచేసే ఒకాయన దగ్గర ఈ లారీ ఉంది. వేలంలో కొన్నాడు. అమ్మేటప్పుడు ప్రభుత్వం ఎస్‌ఎఫ్-97 అనే కాగితం ఇస్తుంది, అదుంటే రిజిస్ట్రేషను సంగతి మొదలుపెట్టొచ్చు. కొనడం తేలిక, ఉంచుకోవడమే కష్టం. బ్రేకులకి ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. అందుకే ఆయన శనివారాలన్నీ లారీ కిందే గడుస్తాయి.

కిందటేడాది రంగు వేయిద్దామని బంపర్ గీకుతుంటే, మూడు పొరల కింద పాత అక్షరాలు కనిపించాయి. ఏ దళానిదో చెప్పే గుర్తులవి. ఆయన ముందు రెండు దారులు. అంతా గీకేసి, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఉన్నట్టు తయారుచెయ్యడం ఒకటి. ఆ అక్షరాలని అలాగే వదిలెయ్యడం రెండోది. ఈ సరదా ఉన్నవాళ్ళు మొదటిదాన్నే ఎక్కువగా ‘ఒరిజినల్’ అంటారు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే చరిత్ర జారిపోతోందనిపిస్తుంది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజంటే, ఆ లారీకి ఇంకా ఏమీ జరగని రోజు కదా!

వియత్నాం సంగతి చూడండి. 1967 సెప్టెంబరు 2న 19వ నంబరు హైవే మీద ఒక కాన్వాయ్‌పై దాడి జరిగింది. ఆ తరవాత రవాణా దళాల డ్రైవర్లు తమ లారీలకి తామే ఇసుక బస్తాలు, ఇనప రేకులు, మెషిన్‌గన్‌లు తగిలించుకున్నారు. మొదటివి ఈ రెండున్నర టన్నుల లారీలే. పక్కలకి రంగులేసి, పేర్లు రాసుకున్నారు. యుద్ధం అయ్యాక సైన్యం ఆ రేకులన్నీ పీకేసింది. అక్కడినుంచి ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చి మిగిలింది ఒక్కటే, ‘ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ అనే ఐదు టన్నుల లారీ. వర్జీనియాలోని సైనిక రవాణా మ్యూజియంలో ఉంది. కథలున్న లారీల్లో ఒక్కటే మిగిలితే, కథ చెరిపేసినవి మాత్రం ఎన్నో ఇళ్ళ ముందు మెరుస్తున్నాయి.

మన సైన్యానికీ ఇలాంటి లారీ ఉండేది. అదే శక్తిమాన్. 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైంది. దానికి లైసెన్సు ఇచ్చింది కూడా ఆ మాన్ కంపెనీయే. మన దగ్గర డిస్పోజల్‌లో అమ్మేసిన శక్తిమాన్‌కి రిటైర్మెంటు ఉండదు. ఈశాన్యంలో దుంగలు మోసింది, హైవే పక్కన క్రేను మోసింది. వెల్డింగు మీద వెల్డింగు. అది మ్యూజియంకి పనికిరాదు, కానీ ఏ అతుకు చూసినా ఎవరి అవసరమో తెలుస్తుంది.

పాత పుస్తకం మార్జిన్లలో ఎవరో రాసుకున్న మాటలని మనం చెరపం. లారీకీ అదే మర్యాద ఇవ్వాలంటాను. బ్రేకు గొట్టం కొత్తది వెయ్యాల్సిందే, అది ప్రాణాల సంగతి. రంగు అలా కాదు. దానికింద ఉన్న అక్షరాలు, దాన్ని నడిపినవాళ్ళు ఫలానా దళంవాళ్ళని చెప్పే సాక్ష్యం. డ్రైవర్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లోకి ఎప్పుడో గానీ ఎక్కవు. ఇంత గుర్తైనా గీకేస్తే, మనకి మిగిలేది ఆరు టన్నుల ఇనుమే.